ఎద్దు మీదికి నెట్టిన గాయం

వెంకటముని ఇంటి నట్టింట గోడకు ఏడు చెక్క పలకలు వేలాడుతుంటాయి. చంద్రగిరి చుట్టుపక్కల పల్లెల్లో పశువుల పండగ నాడు ఎద్దుల కొమ్ములకు కట్టి వీధిలోకి వదిలే పలకలవి. ఎద్దు పరుగెత్తుకొస్తుంటే ఎదురెళ్ళి, మీదపడి లాక్కున్నవాడిదే పలక. ఒకదాని మీద వినాయకుడి బొమ్మ, ఒకదాని మీద ఎవరో సినిమా హీరో, ఇంకోదాని మీద ఎద్దుగలాయన తాత. ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్ళ కంటే ముందు ఆ పలకల చరిత్ర అందించేవాడు వెంకటముని. ఏడింటిలో రెండే కొమ్ముల మీంచి లాగినవనీ, తక్కిన ఐదూ తొక్కిసలాటలో కింద పడితే ఏరుకొచ్చినవనీ మాత్రం ఆ చరిత్రలో ఉండేది కాదు.

అదంతా పాతికేళ్ళ కిందటి ముచ్చట. ఇప్పుడాయనకు నలభై ఎనిమిది. మామిడి నర్సరీలో అంట్లు కట్టడం పని. కూర్చుని చేసే పని కాబట్టి పొట్ట బాగా వృద్ధిలోకి వచ్చింది. పెళ్ళిలో మామగారు పెట్టిన వెండి మొలతాడు ఆ పొట్ట కింద ఎక్కడో ఇరుక్కుపోయి, అది కళ్ళబడి పదేళ్ళయింది. అంట్లు కట్టడంలో మాత్రం ఆయనకు సాటి లేరు. పుల్ల చెక్కే కత్తి, చుట్టే ప్లాస్టిక్ పట్టీ, కుడిచేతి మూడు వేళ్ళు ఉంటే చాలు, పొద్దు గూకేలోపల మూడు వందల మొక్కలు తయారు. కానీ ఆ సంగతి ఊళ్ళో ఎవరూ మెచ్చుకునేవారు కాదు, ఆయనా చెప్పుకునేవాడు కాదు. మామిడి పుల్లకు కొమ్ములుండవు కదా!

పోయిన పశువుల పండగ నాడు మన వీరుడుగారు మిద్దె మీద నిలబడి, కింద కుర్రాళ్ళకు ఎద్దును ఎట్లా పట్టుకోవాలో అరిచి చెబుతూ గడిపాడు. సాయంత్రం భార్య అలివేలమ్మ అరకిలో చికెన్ తెమ్మంటే బండి తీసుకుని హైవే వైపు వెళ్ళాడు. తిరిగొస్తుంటే సర్వీసు రోడ్డు మీద ఇద్దరు కుర్రాళ్ళు బైకు ఆపుకుని నిలబడి, అన్నా, తిరుపతికి ఎట్లా పోవాలని అడిగారు. వాళ్ళ నెత్తిన తిరుపతి అని రాసిన బోర్డు తాటికాయంత అక్షరాలతో ఉంది. ఈయన అది గమనించకుండా బండి దిగి, చెయ్యెత్తి, మలుపులన్నీ లెక్కపెట్టి మరీ చెప్పాడు. చెప్పడం పూర్తయ్యేసరికి ఒకడి చేతిలో కత్తి ఉంది.

ఇద్దరినీ కలిపి తూచినా వెంకటముని అంత తూగరు. అయినా ఫోను అడక్కముందే ఇచ్చేశాడు. జేబులో ఉన్నదంతా ఇచ్చేశాడు. చికెన్ సంచీ కూడా ఇచ్చేశాడు. బండి తాళాలు ఇవ్వబోతే, ఆ బండి మాకొద్దని వాళ్ళే వెనక్కి ఇచ్చారు. అంతటితో పోయేదే. చేతులు పైకెత్తమంటే ఎత్తాడు, చొక్కా లేచింది, పదేళ్ళుగా ఎండ మొహం చూడని వెండి మొలతాడు తళుక్కుమంది. కత్తి ఉన్నవాడు దాన్ని కోద్దామని నడుం దగ్గర వేళ్ళు పెట్టాడు.

ఇక్కడొక ఇంటి గుట్టు చెప్పాలి. నడుం దగ్గర ఎవరు చెయ్యి పెట్టినా వెంకటమునికి కితకితలు. మామూలు కితకితలు కావు, పాముపిల్లలా మెలికలు తిరిగిపోతాడు. ఈ సంగతి పెళ్ళినాటి నుంచి అలివేలమ్మ ఒక్కదానికే తెలుసు. ప్రాణభయంతో వణుకుతూ కూడా ఆ మనిషి కిచకిచమని నవ్వి, ఎగిరి, పడబోతూ చేతికందినదాన్ని గట్టిగా పట్టుకున్నాడు. చేతికందింది కత్తి. వాడు బెదిరిపోయి సర్రున వెనక్కి లాగాడు. కుడి అరచెయ్యి, రెండు వేళ్ళు తెగి నెత్తురు కారింది. అంత నెత్తురు చూసి ఆ కుర్రాళ్ళే హడలిపోయారు. మొలతాడుతో సహా బైకెక్కి పోతూ ఒకడు, భుజాన ఉన్న తుండుగుడ్డతో గట్టిగా కట్టుకోమని సలహా కూడా చెప్పి పోయాడు.

తుండు చుట్టుకుని, ఎడంచేత్తో బండి తోసుకుంటూ ఊళ్ళోకి వచ్చేసరికి వీధి మొగదల పండగ జనం ఇంకా ఉన్నారు. ఎర్రగా నానిన తుండు చూసి సుబ్బన్న ఎదురొచ్చి అడిగాడు.

"ఎద్దు పొడిసిందా అప్పా?"

వెంకటముని తల ఊపాడు. చేసిన పాపమంతా అంతే, తల ఊపడం. నోరు తెరిచి అబద్ధమాడలేదని ఆయన చాలా రోజులు తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. మిగతాదంతా ఊరే అల్లుకుంది. ఆ సాయంత్రమే జయచంద్ర కోడె నల్లోడు జనాన్ని చీల్చుకుని ఊరవతలికి పారిపోయింది. వెంకటముని కూడా ఊరవతలినుంచే వస్తున్నాడు. ఇంకేం కావాలి, దాన్ని ఆపబోయి పొడిపించుకున్నాడన్నారు.

ఆ ఊళ్ళో ఎద్దు పొడిస్తే ఎవరూ ఎవరి మీదా కేసు పెట్టరు. పొడిపించుకున్నవాడు ఆ మచ్చను ఏడాది పొడుగునా చూపించుకుని తిరుగుతాడు, చూసినవాళ్ళు టీ ఇప్పిస్తారు. కత్తి చూపిస్తే చికెన్‌తో సహా అప్పగించినవాడికి టీ ఎవరిప్పిస్తారు?

తిరుపతి ఆసుపత్రిలో డాక్టరు గాయాన్ని తిప్పి తిప్పి చూసి, కొమ్ము ఇంత నున్నగా కోస్తుందా అని అడిగాడు. వెంట వచ్చిన సుబ్బన్న, మా ఊరి ఎద్దుల కొమ్ములు చెక్కి పదును పెడతాం సార్ అని గర్వంగా చెప్పాడు. డాక్టరు నిట్టూర్చి, ఎద్దు పొడిచిన గాయమని కాగితంలో రాసి, తెగిన నరాలు కుట్టాడు.

తర్వాతి పది రోజులూ వెంకటముని జీవితంలో మహర్దశ. చూడ్డానికొచ్చినవాళ్ళు తెచ్చిన అరటిపళ్ళు తినలేక పక్కిళ్ళకు పంచారు. జయచంద్ర స్వయంగా వచ్చి శాలువా కప్పాడు. పాలకేంద్రం దగ్గర పెద్ద ఫ్లెక్సీ వెలిసింది. ఒక పక్క కాలు దువ్వుతున్న నల్లోడు, ఇంకో పక్క కట్టు కట్టిన చేత్తో దండం పెడుతున్న వెంకటముని, మధ్యలో ‘నల్లోడి దెబ్బకు నిలిచిన ధీరుడు’ అని, కింద తేదీ. ఫోటో కోసం మీసానికి రంగు వేయించుకున్నానని ఇప్పుడాయనే చెబుతాడు.

అలివేలమ్మ మాత్రం మొదటినుంచీ గుచ్చి గుచ్చి అడుగుతూనే ఉంది. ఫోనేదంటే పడిపోయిందన్నాడు. చికెనేదంటే అదీ పడిపోయిందన్నాడు. కట్టు తడవకుండా ఆమే స్నానం చేయిస్తుంటే బోసిగా ఉన్న నడుం కనబడింది.

"ఎద్దు మొలతాడు కూడా ఇప్పుకోని పోయిందా మామా?"

ఇక దాచడానికి ఒంటిమీద గుడ్డ కూడా లేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాడు. బోర్డు దగ్గర్నుంచి కితకితల దాకా వినేసరికి అలివేలమ్మ బట్టలుతికే బండ మీద కూలబడి, కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వీ నవ్వీ ఉన్నట్టుండి ఏడ్చింది. ఆ కత్తి చేతిలో కాకుండా కడుపులో దిగి ఉంటే నా గతేమిటని ఏడ్చింది. వెంకటమునికీ అప్పుడే మొదటిసారి ఏడుపొచ్చింది. అప్పటిదాకా ధీరుడి హడావిడిలో భయపడే తీరిక దొరకలేదు.

అసలు కష్టం కట్టు విప్పాక మొదలైంది. చూపుడువేలు, మధ్యవేలు వంగలేదు. నరాలు అతికించాం గానీ మూడు నెలలపాటు వారానికి మూడుసార్లు వచ్చి వేళ్ళకు వ్యాయామం చేయించుకోవాలని, లేకపోతే అట్లాగే బిగుసుకుపోతాయని డాక్టరు చెప్పాడు. నర్సరీలో కట్టిన అంటుకే కూలి, కట్టకపోతే లేదు. అలివేలమ్మ పని చేసే మామిడి గుజ్జు ఫ్యాక్టరీ కాయల కాలంలోనే నడుస్తుంది. రెండు వారాలు తిరిగేసరికి బస్సు చార్జీలకే తడుముకోవాల్సి వచ్చింది, మూడో వారం వెళ్ళడం మానేశాడు. ఒక మధ్యాహ్నం ఎవరూ చూడకుండా అంటుకత్తి చేతిలోకి తీసుకున్నాడు. అది వేళ్ళ మధ్యనుంచి జారి కింద పడింది. మళ్ళీ తీశాడు, మళ్ళీ పడింది. ఈ చెయ్యి పోతే తనకింక ఏమీ రాదని ఆయనకు భయం పట్టుకుంది.

అలివేలమ్మ ఊరుకోలేదు. చర్చి పక్కింట్లో బట్టలు కుట్టే కృపారాణి న్యాయ సేవాధికార సంస్థ తరఫున వాలంటీరుగా పల్లెలు తిరిగి, జనానికి చట్టాలు చెబుతుంటుంది. మహిళా సంఘం మీటింగులో ఆమె చెప్పిన మాటేదో గుర్తొచ్చి, మొగుణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళింది. కృపారాణి కుట్టుమిషన్ ఆపి అంతా విన్నది, ఆసుపత్రి కాగితం చదివింది, పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది.

"దొంగలు దొరికినా దొరక్కపోయినా, నేరం వల్ల దెబ్బ తిన్నోళ్ళకు ప్రభుత్వం పరిహారం ఇస్తాదన్నా. వైద్యానికని ముందుగానే కొంత ఇప్పిస్తారు. కానీ ఈ కాయితం ప్రకారం నేరం చేసింది జయచంద్రన్న ఎద్దు. ఎద్దు మీద ఎఫ్ఐఆర్ ఎవురూ రాయరు."

దారి లేకపోలేదని ఆమే చెప్పింది. పోలీసులకు ఇప్పుడైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు, ఆలస్యం ఎందుకయిందో నిజం రాయాలి. పోలీసులు అడిగితే అది కత్తిగాయమేనని డాక్టరు చెప్పగలడు. ఆ తర్వాత చిత్తూరు కోర్టులోని తమ సంస్థ ఆఫీసులో అర్జీ పెట్టాలి. ఇది ఎవరో వేసే బిచ్చం కాదు, దెబ్బ తిన్నవాడి హక్కు అని కూడా చెప్పింది. వెంకటముని అంతా విని, గొంతు సవరించుకుని బేరం మొదలుపెట్టాడు. ముందు ఎద్దు పొడిచి, తర్వాత దొంగలు వచ్చినట్టు రాస్తే? కుదరదంది. పోనీ, దొంగల్ని నలుగుర్ని చేస్తే? ఇద్దరే అంది. ఆ ఇద్దరినైనా కొంచెం లావుగా రాయొచ్చు కదా అన్నాడు. కృపారాణి మళ్ళీ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది.

మూడు రోజులు ఆయన ఎటూ తేల్చుకోలేదు. పాలకేంద్రం మీదుగా వెళ్ళినప్పుడల్లా ఫ్లెక్సీలోని ధీరుడు తనకే దండం పెడుతున్నట్టుండేది. నిజం చెబితే తన పరువొక్కటే కాదు, నల్లోడి పరువూ పోతుంది. ఆ కోడెను చూడ్డానికి పలమనేరు నుంచి కూడా జనం వస్తున్నారు, జయచంద్ర వాళ్ళకు మజ్జిగ పోయిస్తున్నాడు. శాలువా కప్పినవాడి నోట మట్టి ఎట్లా కొట్టేది? మూడోనాటి సాయంత్రం అలివేలమ్మ అన్నం కలిపి ముద్దలు చేసి నోట్లో పెడుతుంటే ఇదంతా ఏకరువు పెట్టాడు. ఆమె చెయ్యి మధ్యలో ఆపింది.

"ఊరంతా నిన్ను మెచ్చుకుంటాండాది, కాదనను. అన్నం మాత్రం నేనే కదా కలిపి పెడతాండేది."

మర్నాడు పొద్దున్నే స్టేషన్‌కు వెళ్ళి ఫిర్యాదు ఇచ్చాడు. రెండు రోజుల తర్వాత ఎస్సై, ఒక కానిస్టేబులు విచారణకని ఊళ్ళోకి వచ్చి, సరిగ్గా ఫ్లెక్సీ కిందే బల్ల, కుర్చీలు వేయించుకున్నారు. కృపారాణి కూడా వచ్చి పక్కన నిలబడింది. విషయం తెలియని ఊరు, తమ వెంకటమునికి ఏదో ఆపద వచ్చిందనుకుని తరలివచ్చింది. అడిగినవాళ్ళూ చెప్పారు, అడగనివాళ్ళూ చెప్పారు. కొమ్ము అరచేతిలో దిగి అవతలికి రావడం కళ్ళారా చూశానని సుబ్బన్న ప్రమాణం చేశాడు. దేవకమ్మ ఆ రోజు ఊళ్ళోనే లేదు, కాణిపాకం పోయింది. అయినా తానూ చూశానంది. ఒక్కొక్కరూ ఒక్కో అడుగు ముందుకు వేసి, చివరికి వెంకటముని ఒంటిచేత్తో కోడెను నేలకు ఒంచినంత పని చేశారు. తన మీద ఊరికి ఇంత ప్రేముందని ఆయనకు అప్పుడే తెలిసింది.

ఎస్సై కాగితాల మీంచి తలెత్తాడు. "పద్నాలుగు మంది ఎద్దంటాండారు. ఈ ఫ్లెక్సీ కూడా తేదీ వేసి మరీ ఎద్దంటాండాది. నువ్వొక్కడివే దొంగలంటాండావు. ఎవుర్ని నమ్మాలయ్యా?"

అలివేలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తూ ఉంది. వెంకటముని లేచి నిలబడి, ఊరంతా వినేటట్టు చెప్పాడు. దారి చెప్పడం చెప్పాడు. ఫోను అడక్కముందే ఇచ్చింది చెప్పాడు. చికెన్ సంగతి చెప్పాడు. బండి తాళాలు ఇవ్వబోయింది కూడా చెప్పాడు; అది ఎవరూ అడగలేదు గానీ మొదలుపెట్టాక ఆపడం చేతకాలేదు. సుబ్బన్న ఒప్పుకోలేదు. మా వోడు అట్లాంటోడు కాదు సార్, ఎవురో బెదిరించి చెప్పిస్తాండారు అని అడ్డం పడ్డాడు. ఎస్సై అతన్ని కూర్చోబెట్టి, అన్నీ ఇచ్చేసినవాడివి కత్తిని ఎందుకు పట్టుకున్నావని అడిగాడు.

"కితకితలు సార్," అన్నాడు వెంకటముని.

జనం గొల్లుమన్నారు. ఎస్సైకి కోపం వచ్చింది, తనతో పరాచికాలాడుతున్నాడనుకున్నాడు. ఎట్లా జరిగిందో నిలబడి చూపించమన్నాడు. కానిస్టేబులు దొంగ చోట నిలబడి, కత్తి బదులు పెన్ను పట్టుకుని, మొలతాడు ఉండేచోట రెండో చేతి వేలు ఆనించాడు. ఆనించాడో లేదో, వెంకటముని కిచకిచమంటూ గాల్లోకి లేచి, మెలిక తిరిగి, పడబోతూ కుడిచేత్తో ఆ పెన్నును పట్టేసుకున్నాడు. ఈసారి ఎస్సై కూడా ఆపుకోలేకపోయాడు. పాలకేంద్రం దద్దరిల్లేలా నవ్వారందరూ.

పెన్ను మాత్రం ఆయన చేతిలో నిలవలేదు. కర్రల్లా నిగడదన్నిన రెండు వేళ్ళ సందునుంచి జారి కింద పడింది. వంగి తీయబోయాడు, మళ్ళీ జారింది. మూడోసారి కూడా జారేసరికి నవ్వులు ఒక్కటొక్కటే ఆగిపోయాయి. ఆ వేళ్ళు అంట్లు కట్టిన చెట్ల కాయలు తినని ఇల్లు ఆ ఊళ్ళో లేదు. సుబ్బన్న వచ్చి పెన్ను తీసి ఎస్సై బల్ల మీద పెట్టి, తలొంచుకుని చెప్పాడు. "నేను సూడలేదు సార్. ఎద్దా అని అడిగింది మాత్రం నేనే."

అప్పటిదాకా వెనకాల నిలబడ్డ జయచంద్ర ముందుకొచ్చాడు. శాలువా వెనక్కి అడుగుతాడేమోనని వెంకటముని భయపడ్డాడు. జయచంద్ర ఆయన మొహం చూడకుండా ఎస్సైతో మాట్లాడాడు.

"నా కోడె ఎవుర్నీ పొడసలేదు సార్. ఆ పొద్దు టపాకాయల మోతకి బెదిరి ఊరిడిసి పారిపోయి, మా మామిడి తోపులో పంపుషెడ్డు ఎనకాల దాంకోని వణకతా ఉండె. పొద్దు గూకేదాకా నేను దాని పక్కనే ఉండి గంగడోలు నిమరతా ఉండాను. ఊరికొస్తే మా వోణ్ణి పొడిసిందన్నారు. ఊరికే వచ్చిన పేరు కదాని నేనూ తల ఊపినాను."

ఎవరి పరువు పోతుందని వెంకటమునికి మూడు రోజులు అన్నం సయించలేదో ఆ నల్లోడు, తాను చేతులెత్తి నిలబడిన గంటలోనే పంపుషెడ్డు వెనక వణుకుతూ ఉంది. ఆ కోడె మీద ఆయనకు అంతకు ముందు లేని అభిమానం పుట్టుకొచ్చింది. ఎస్సై జయచంద్ర చెప్పింది రాసుకుని, సుబ్బన్న చెప్పింది రాసుకుని, ఫ్లెక్సీకి ఒక ఫోటో తీయించాడు. ఆ సాయంత్రం జయచంద్ర దాన్ని విప్పించి వెంకటముని ఇంటికే పంపాడు. వానొస్తే కారే వంటింటి కప్పు మీద, బొమ్మ కిందికి వచ్చేలా పరిచారు. ధీరుడు ఇప్పుడు పొయ్యి మీద చారును కాపలా కాస్తుంటాడు.

డాక్టరు పోలీసులకు తన అభిప్రాయం రాసిచ్చాడు. కృపారాణి అర్జీ నింపి చిత్తూరు తీసుకెళ్ళి పెట్టించింది. నాలుగైదుసార్లు తిరగాల్సి వచ్చింది, ఒకసారి ఆధార్ నకలు మరిచిపోయి సగం దారినుంచి వెనక్కి వచ్చారు, అది వెంకటముని ఘనతే. చివరికి వైద్యానికని ముందస్తు సాయం బ్యాంకులో పడింది. ఆ మర్నాడే ఆయన తిరుపతి బస్సెక్కాడు. వారానికి మూడుసార్లు రబ్బరు బంతి పిసుకుతూ, గిన్నెలో శనగలు ఒక్కొక్కటే ఏరుతూ, పళ్ళు బిగబట్టి ఓర్చుకున్నాడు. వేళ్ళు వంచుతుంటే అమ్మా అని అరిచేవాడు. ఎద్దు దెబ్బకే నిలిచినవాడివి, దీనికేనా అని సుబ్బన్న ఏడిపించేవాడు. చేసిందానికి పడాల్సిందే అనేవాడు వెంకటముని. ఆ కుర్రాళ్ళు ఇప్పటికీ దొరకలేదు.

ఐదు నెలలకు పూర్తి పరిహారం మంజూరైందని ఉత్తర్వు వచ్చింది. అందులో ఆయన పేరు పక్కన ‘బాధితుడు’ అని రాసి ఉంది. ఒకప్పుడైతే ఆ మాటకు చచ్చేంత సిగ్గుపడేవాడు. కాగితాన్ని అట్టకు అంటించి, ఏడు పలకల పక్కన తగిలిద్దామన్నాడు. దేనికని అడిగింది అలివేలమ్మ.

"ఆ ఏడింటిలో ఐదు ఏరుకోనొచ్చినవే. ఇది మాత్రం ఎదురుగా నిలబడి లాక్కున్నా."

నీ పలకల కథ నాకు పెళ్ళైన కొత్తలోనే తెలుసంటూ ఆమె సుత్తి, మేకు తెచ్చింది. మేకును ఎడంచేత్తో పట్టుకోమంది. ఆయన కుడిచెయ్యి చాపి, చూపుడువేలు, మధ్యవేలు మెల్లగా వంచి, వాటికి బొటనవేలు ఆనించి మేకును గోడకు పెట్టాడు. కొట్టమన్నాడు. అలివేలమ్మ భయపడుతూనే కొట్టింది. మేకు జారలేదు.